ఆశా డే నాడు మొదటి గంట

ఈ వారం ఒక కరపత్రం చేతికొచ్చింది. ఆరోగ్య కార్యకర్తలకు ఒత్తిడి తగ్గించే శిక్షణట: కళ్లు మూసుకోవాలి, దీర్ఘంగా ఊపిరి తీసుకోవాలి, మంచి ఆలోచనలు చేయాలి. చదవగానే ఒళ్లు మండింది. ఈ కాలమ్ పాత పాఠకులకు నా వాదన తెలిసిందే, చేసిన పనికి జీతం ఇవ్వనివాళ్లు ధైర్యం చెప్పొద్దు.

రోగికీ ఇంటివాళ్లకూ అండగా నిలిచే మెడికల్ సోషల్ వర్కర్లు మనకు పెద్దాసుపత్రుల్లో తప్ప కనబడరు. కరోనా కాలంలో జగిత్యాల, కోరుట్ల వాడల్లో, సిరిసిల్ల సాంచాల గల్లీల్లో ఆ పని ఆశా కార్యకర్తలే చేశారు. 2020 మార్చిలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల గడప తొక్కి 14 రోజులు బయటికి రావద్దని చెప్పారు. 2021 మేలో జ్వర సర్వేకు ఇల్లిల్లూ తిరిగి మందుల కిట్లు ఇచ్చారు. కేంద్రం 50 లక్షల బీమా ప్రకటించింది, నెలకు 1,000 రూపాయలు అదనంగా ఇస్తామంది. ఉద్యోగి హోదా మాత్రం దక్కలేదు, చేతికొచ్చేది పారితోషికమే. 2023 సెప్టెంబరులో 18,000 రూపాయల స్థిర వేతనం కోసం వాళ్లు సమ్మెకు దిగారంటే ఊరికే కాదు.

కరపత్రం చదివిన కోపంలోనే కోరుట్ల వైపు నాకు తెలిసిన ఒక ఆశమ్మకు ఫోన్ చేశాను. ఆమె చాలాసేపు మాట్లాడింది. కరోనా రోజుల్లో వాడలోవాళ్లు ‘నువ్వే రోగం తెస్తవు, మా వాడకు రాకు’ అన్నారట. ఇంటికొచ్చి పెరట్లనే స్నానం చేసి, పిల్లలకు దూరంగా పండుకునేదట. బీడీల పని బందై ఇంట్ల పైసలు లేవు. రాత్రయితే దుబాయిలో కొడుకులున్న తల్లుల ఫోన్లు. మా పిలగాడు ఎట్లున్నడో అని ఏడిస్తే, ఈమెకేం తెలుసు? వింటూ కూర్చునేది.

మరి ఎట్లా తట్టుకున్నవమ్మా అంటే, పైసల మాట ఎత్తలేదు.

‘పొద్దుమూకినంక సబ్‌సెంటర్ మెట్ల మీద దూరం దూరం కూసుంటుంటిమి అన్నా. ఏఎన్‌ఎం అక్క ఒక్కొక్కల్లను ఇయ్యాల ఏమాయె అని అడుగుతుండె. ఏడ్సెటోల్లు ఏడ్సేది. గది లేకుంటె నేను పని ఇడిసిపెడుదును.’

జీతం వస్తే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయని ఇన్నాళ్లూ రాశాను. ఈమె మాట విన్నాక అట్లా రాయలేను. జీతం కోసం అడుగుతూనే ఉంటాను, కానీ మెట్ల మీద అట్లా కలిసి కూర్చునే ఆ కాసేపు కూడా వాళ్ల హక్కే. శిక్షణ పెట్టండి. ఎక్కడినుంచో వచ్చిన ఉపన్యాసకుడితో కాదు, తోటివాళ్ల మధ్య, డ్యూటీ వేళలో పెట్టండి.

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం: పీహెచ్‌సీలో ఆశాలందరూ కలిసే ఆశా డే నాడు రిజిస్టర్లు, టార్గెట్లు తర్వాత చూడండి. మొదటి గంట వాళ్లు చెప్పేది వినండి. ఆశా అక్కలకూ ఒక మాట: మనసు బాధకు సాయం చేసే టెలి మానస్ నంబరు 14416. రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.