నీటిలోని ఉప్పు, రాతిమీది నురుగు

సబ్బు వంటి సర్ఫ్యాక్టెంట్ అణువుకు నీటిని కోరే తల, నీటికి దూరంగా ఉండజూచే పొడవైన తోక ఉంటాయి కనుక, అది నీటి మధ్యలో కుదురుగా నిలవక గాలితోనో రాతితోనో నీరు కలిసే సరిహద్దుకు చేరుతుంది. అలా రాతి ఉపరితలంపై చేరి నిలవడమే అధిశోషణం. ఖనిజాన్ని పొడిచేసి నురుగుతో పైకి తేల్చి, పనికిరాని రాతినుంచి వేరుచేసే తేలింపు విద్యకు ఇదే ఆధారం. అయితే పాఠ్యపుస్తకాలు రాయిని, తేలింపుకు వాడే సబ్బువంటి మందును వివరించినంత ఓపికగా నీటిలో కరిగిన లవణాలను వివరించవు. ఆ లోటు చిన్నది కాదు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి పల్నాడు అనువైన చోటు. కొండవీటి కొండరాళ్లలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ వంటి సిలికేట్ ఖనిజాలుండగా, పడమట పిడుగురాళ్ల, మాచర్ల వైపు సున్నపురాయి నేల ఉంది. కొండవీటి కోటలోని చెరువుల్లో నిలిచేది కొండమీద కురిసిన వాననీరు. చాంతాడుకు పేరుపడ్డ ఆ ఊరి లోతుబావుల్లోది రాతి పగుళ్లలో మసలి లవణాలను కరిగించుకున్న నీరు.

ఇలాంటి లవణాలు ఏం చేస్తాయో మొదట క్వార్ట్జ్ మీద చూద్దాం. పీహెచ్ సుమారు 2 దాటితే క్వార్ట్జ్ ఉపరితలం రుణావేశం పొందుతుంది. సబ్బు తల కూడా రుణావేశమే కనుక రెండూ వికర్షించుకుంటాయి. నీటిలో మామూలు ఉప్పు కలిస్తే సోడియం అయాన్లు రాతిచుట్టూ గుమిగూడి, ఆ ఆవేశ ప్రభావం వ్యాపించే పొరను, అంటే విద్యుత్ ద్విస్తరాన్ని, కుదిస్తాయి: లీటరుకు 0.001 మోల్ ఉప్పు ఉన్నప్పుడు సుమారు 10 నానోమీటర్లుండే ఆ పొర 0.1 మోల్ వద్ద 1 నానోమీటరుకు తగ్గుతుంది. సోడియం అడ్డు తొలగిస్తుందే గాని బంధం కలపదు. కాల్షియం మాత్రం క్షారగుణం బాగా ఉన్న నీటిలో రాతికీ సబ్బుకూ మధ్య వంతెనగా నిలిచి, తేలకూడని క్వార్ట్జ్‌ను కూడా తేలుస్తుంది, మోతాదు మించితే సబ్బునే తెట్టుగా విరిచేస్తుంది.

ధనావేశపు తల ఉన్న అమీన్ మందుల విషయంలో కథ తిరగబడుతుంది, ఎందుకంటే అక్కడ లవణపు అయాన్లు అదే చోటుకోసం మందుతో పోటీపడి, మందు గాఢత తక్కువగా ఉన్నప్పుడు అధిశోషణాన్ని తగ్గిస్తాయి. మందు గాఢత పెరిగి తోకలు ఒకదానినొకటి పట్టుకుని రాతిమీదే గుంపులు కట్టే దశలో (ఈ గుంపులను 1955లో గాడిన్, ఫ్యూర్‌స్టెనా ప్రతిపాదించారు) అదే ఉప్పు తలల మధ్య వికర్షణను తగ్గించి గుంపుకు తోడ్పడుతుంది. కనుక ఉప్పు అధిశోషణాన్ని పెంచుతుందా, తగ్గిస్తుందా అన్న ప్రశ్నే అసంపూర్ణం.

వినుకొండ సమీపాన అగ్నిగుండాల ప్రాంతంలోని బండ్లమోటులో హిందూస్థాన్ జింక్ సంస్థ తవ్విన సీసపు ఖనిజం గెలీనా డోలమైట్ శిలలో ఉంది. గెలీనాను తేల్చడానికి సాధారణంగా వాడే జాంథేట్, ఖనిజంలోని సీసంతో రసాయన బంధం కట్టుకుంటుంది కనుక ఆవేశాల ఒత్తిడిని కొంతవరకు తట్టుకోగలదు. అయినా డోలమైట్ పొడి కాల్షియం, మెగ్నీషియం అయాన్లను విడుదల చేస్తూనే ఉంటుంది, నీటిని తిరిగి వాడే మిల్లుల్లో అవి పోగుపడతాయి.

సున్నపురాయి విషయంలో స్వేదనజలం కూడా ఎక్కువసేపు స్వచ్ఛంగా ఉండదు. ఆ రాయి స్వయంగా కరిగి నీటికిచ్చే కాల్షియం, కార్బొనేట్ అయాన్ల పాళ్లే తిరిగి దాని ఉపరితల ఆవేశాన్ని నిర్ణయిస్తాయి.