చిప్స్ ప్యాకెట్‌కు రెండో పని

చిప్స్ ప్యాకెట్‌ను పాత సామాన్లు కొనేవాళ్లు తీసుకోరు. చూడటానికి పల్చటి రేకులా ఉన్నా, అది పొరలు అతికించి చేసింది. పైన బొమ్మలు అచ్చువేసిన ప్లాస్టిక్, దాని వెనక సన్నని అల్యూమినియం పూత, లోపల వేడికి అతుక్కునే మరో ప్లాస్టిక్. గాలినీ తేమనూ ఆపి సరుకు మెత్తబడకుండా కాపాడేది ఈ పొరలే. వాటిని విడదీయడం కష్టం, కలిపి కరిగిస్తే మంచి సరుకు రాదు. పాల ప్యాకెట్ అలా కాదు. అది పాలిథిన్ రకమే కాబట్టి కడిగి ఆరబెడితే మళ్లీ కరిగించవచ్చు. మూల కత్తిరించేటప్పుడు ముక్క తెగి పడకుండా ప్యాకెట్‌నే అంటిపెట్టుకునేలా చూడాలి. పడిపోయిన ముక్కలను ఏరేవాళ్లు ఉండరు.

ఏ ప్యాకెట్‌నైనా ముందు పైభాగం కోసి, లోపలంతా కడగాలి. నూనె ప్యాకెట్‌లో చెంచాడు శనగపిండి వేసి రుద్దితే జిడ్డు వదులుతుంది. నీడన ఆరాకే పనికి తీయాలి.

అన్నిటికన్నా సులువైన వాడకం నారు పోయడం. కిలో నూనె ప్యాకెట్ పైభాగం కోసి, అడుగున మూడు నాలుగు చిల్లులు పెట్టి, మట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపితే వంగ, టమాటా, మిరప మొలకలు బాగా ఎదుగుతాయి. నాటే రోజున పక్కన నిలువునా కోసి, వేళ్ల మట్టి చెదరకుండా మొక్కను దించాలి. చిప్స్ ప్యాకెట్లను వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, అంచులు లోపలికి పోయేలా మడిచి, తాటాకు బుట్టలా ఒకటి పైకి ఒకటి కిందికి అల్లితే ఉల్లిపాయలు, బట్టల క్లిప్పులు పెట్టుకునే బుట్ట అవుతుంది.

కొన్ని హద్దులు తప్పక పాటించాలి. వేడి అన్నం, పచ్చడి, చింతపండు ఈ ప్యాకెట్లలో నిల్వ చేయకూడదు. పొయ్యి రాజేయడానికి అసలు వాడకూడదు, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు కూడా చెత్తను బహిరంగంగా తగలబెట్టడాన్ని నిషేధించాయి. ఎండలో ఉన్న ప్లాస్టిక్ కొన్నాళ్లకు పెళుసెక్కి పొడిగా రాలి మట్టిలో కలుస్తుంది. కాబట్టి నారు సంచి గట్టిగా ఉండగానే తీసి పొడి చెత్తలో వేయాలి.

ఎంత వాడుకున్నా ఆ ప్యాకెట్ చివరికి చెత్తే అవుతుంది. తిరిగి వాడటం దాని ఆయుష్షును పెంచుతుందే తప్ప దాన్ని లేకుండా చేయదు. చిన్న ప్యాకెట్లు పదింటికి బదులు పెద్దది ఒకటి కొనడం, పప్పులూ బియ్యమూ సొంత సంచిలో తెచ్చుకోవడం ముందు జరగాలి. ఆ తర్వాత కూడా ఇంటికి చేరిన వాటికే ఈ రెండో పని.