మెలితిరిగిన ఏడు తీగలు

పాత కంప్యూటర్‌లో ఫ్లాపీ డ్రైవు బిగించి పవర్ ఇవ్వగానే దాని లైటు వెలిగి, ఎంతకీ ఆరకుండా ఉండిపోతే కేబుల్ తిరగేసి పెట్టారన్నమాట. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకప్పుడు కంప్యూటర్లు అసెంబుల్ చేసినవాళ్లెవరిని అడిగినా తడుముకోకుండా ఈ మాటే చెబుతారు. ఆ పట్టీలాంటి రిబ్బన్ కేబుల్‌లో 34 తీగలుంటాయి. బేసి సంఖ్య తీగలన్నీ గ్రౌండు. సంకేతాలన్నీ సరి సంఖ్య తీగల మీద నడుస్తాయి. ఇక్కడ సంకేతం ఇవ్వడమంటే ఆ తీగను సున్నా వోల్టులకు దించడమే. కేబుల్ తిరగబడితే డ్రైవు తాలూకు సరి సంఖ్య పిన్నులన్నీ గ్రౌండుకు తగులుతాయి. అంటే ‘నిన్నే పిలుస్తున్నాను’, ‘మోటారు తిప్పు’, ‘రాయి’ అనే ఆజ్ఞలన్నీ ఒకేసారి, ఆగకుండా అందుతూనే ఉంటాయి. ‘రాయి’ అనేది కూడా వాటిలో ఉంది కాబట్టే ఆ లైటు ఆరేదాకా డ్రైవులో ఫ్లాపీ పెట్టకూడదు. పెడితే హెడ్డు కింద ఉన్న ట్రాకు చెరిగిపోవచ్చు. కేబుల్ అంచున ఎర్ర గీత ఉన్నది అందుకే. అది ఒకటో పిన్ను వైపు ఉండాలి.

ఫ్లాపీ డ్రైవు తనెవరో చెప్పుకోలేదు. తర్వాత వచ్చిన ఐడీఈ హార్డ్ డిస్కును అడిగితే తన మోడల్ పేరు, సామర్థ్యం తానే చెబుతుంది. ఫ్లాపీ డ్రైవుకు ఆ నోరు లేదు. అది 360 కేబీదా, 1.44 ఎంబీదా, ఎ డ్రైవా, బి డ్రైవా అన్నది మనిషే నాలుగు చోట్ల చెప్పాలి: డ్రైవు మీది జంపర్లో (రెండు పిన్నులను కలిపే చిన్న క్లిప్పులో), కేబుల్‌లో, బయాస్‌లో, ఒక్కోసారి డాస్‌లో. నాలుగు చోట్లా ఒకే మాట చెబితేనే పని నడుస్తుంది. ఫ్లాపీ డ్రైవు అమర్చే విద్య అంతా ఈ నాలుగు మాటలూ పొసిగేలా చూడడమే. ఇంత చిన్న పనికి అంత విద్య ఏమిటని అనుకునేవాళ్లకు ఆ కేబుల్ మధ్యలో ఉన్న మెలిక చూపించాలి.

1976లో షుగార్ట్ అసోసియేట్స్ సంస్థ ఎస్‌ఏ400 అనే డ్రైవు తెచ్చింది. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ దానితోనే మొదలైంది. ఆ డ్రైవు వెనక ఉన్న 34 పిన్నుల ఏర్పాటే చిన్నపాటి మార్పులతో ముప్పై ఏళ్ల పైచిలుకు నడిచింది. షుగార్ట్ పద్ధతిలో ఒకే కేబుల్ మీద వరుసగా డ్రైవులు తగిలిస్తారు. ఏ డ్రైవు ఏ పిలుపుకు పలకాలో దాని మీదున్న డీఎస్0, డీఎస్1 అనే జంపర్లు చెబుతాయి. మోటారు తిప్పే తీగ మాత్రం అందరికీ ఒక్కటే. ఒక డ్రైవు తిరిగితే అన్నీ తిరగాల్సిందే.

1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ తెచ్చినప్పుడు ఈ జంపర్ల గొడవను డ్రైవులోంచి తీసి కేబుల్‌లో పెట్టింది. డ్రైవులన్నిటినీ ఒకేలా, రెండో పిలుపు మీద, అంటే డీఎస్1 మీద, పెట్టి పంపితే చాలు. (కొన్ని కంపెనీలు లెక్క సున్నాతో కాక ఒకటితో మొదలుపెడతాయి. వాటిలో అదే డీఎస్2 అవుతుంది. పేరు ఏదైనా వరుసలో రెండోది కావాలి.) తర్వాత కేబుల్ మధ్య కనెక్టరుకూ చివరి కనెక్టరుకూ నడుమ 10 నుంచి 16 దాకా ఉన్న ఏడు తీగలను చీల్చి, తిరగేసి బిగించారు. దాంతో 10 స్థానంలోకి 16, 12 స్థానంలోకి 14 వచ్చాయి. మధ్యలో ఉన్న బేసి తీగలన్నీ గ్రౌండే కనుక అవి అటూ ఇటూ అయినా నష్టం లేదు.

ఈ ఏర్పాటును కాగితం మీద గీసుకుని చూస్తే అందులోని తెలివి తెలుస్తుంది. డ్రైవులను నడిపే కంట్రోలర్ వైపు 12వ తీగ బి డ్రైవును పిలిచేది, 14వది ఎ డ్రైవును పిలిచేది. 16వది బి మోటారు, 10వది ఎ మోటారు. డ్రైవేమో ఎప్పుడూ తన 12వ పిన్ను మీద పిలుపు కోసం, 16వ పిన్ను మీద మోటారు ఆజ్ఞ కోసం చూస్తుంది. మెలికకు ముందున్న డ్రైవుకు తిన్నగా 12, 16 అందుతాయి, అది బి అవుతుంది. మెలిక దాటిన డ్రైవుకు అవే పిన్నుల మీద 14, 10 అందుతాయి, అది ఎ అవుతుంది. ఒకే జంపర్ అమరికతో ఉన్న రెండు డ్రైవులు కేవలం కేబుల్ మీద తామున్న చోటును బట్టి ఎ, బి అయ్యాయి. దేని మోటారు దానికే తిరుగుతుంది కూడా. కేబుల్‌కు రెండే డ్రైవులన్న పరిమితి మిగిలింది గానీ, జంపర్ ముట్టుకోకుండానే వేల మంది డ్రైవులు బిగించుకోగలిగారు. కంప్యూటర్ చరిత్ర రాసేవాళ్లు ప్రాసెసర్ల గురించి పుటలకు పుటలు రాస్తారు. ఈ ఏడు తీగల మెలికకు అందులో ఒక పేరా అయినా దక్కాలని నా గట్టి నమ్మకం.

జంపర్ల తర్వాత పట్టించుకోవాల్సింది టెర్మినేటర్. ఐదుంపావు అంగుళాల డ్రైవుల్లో సాకెట్‌లో గుచ్చిన చిన్న రెసిస్టర్ ప్యాకు ఉంటుంది, సాధారణంగా 150 ఓములది. అది కేబుల్ చివర ఉన్న డ్రైవులో మాత్రమే ఉండాలి, మధ్య డ్రైవులోంచి పీకేయాలి. లేకపోతే ఒకసారి చదివి ఒకసారి చదవని తెగని తగువు వస్తుంది. మూడున్నర అంగుళాల డ్రైవుల్లో ఈ బాధ లేదు.

ఇక యంత్రానికి చెప్పడం. ఐబీఎం తొలి పీసీ, దాని తర్వాతి ఎక్స్‌టీ మోడల్ మదర్‌బోర్డుల మీద వరుసగా ఎనిమిది బుల్లి స్విచ్చులుండేవి. వాటిలో 7, 8 నంబర్లవి డ్రైవులెన్నో చెప్పేవి. ఎన్ని అనే తప్ప, ఏ రకం అనే ప్రశ్నే అప్పటికి లేదు. 1984లో ఐబీఎం ఏటీ మోడల్ వచ్చి 1.2 ఎంబీ డ్రైవును తెచ్చాక రకం కూడా చెప్పాల్సొచ్చింది. ఆ సమాచారం బ్యాటరీతో బతికే చిన్న మెమరీలోకి వెళ్లింది. బ్యాటరీ అయిపోతే యంత్రం డ్రైవును మరిచిపోతుంది. తర్వాతి బయాసుల్లో ‘బూట్ అప్ ఫ్లాపీ సీక్’ అని ఒక వరుస కనిపించేది. దాన్ని ఆన్‌లో పెడితే కంప్యూటర్ లేవగానే డ్రైవు గర్‌గర్‌మంటూ హెడ్డును ముందుకూ వెనక్కూ జరుపుతుంది. డ్రైవులో 40 ట్రాకులున్నాయా, 80 ఉన్నాయా అని తడిమి చూడడం అది. యంత్రం సొంతంగా కనిపెట్టగలిగింది అంతే. 720 కేబీ, 1.2 ఎంబీ, 1.44 ఎంబీ మూడూ 80 ట్రాకులవే కాబట్టి వాటి మధ్య తేడా దానికి అంతుపట్టదు. అది మనమే చెప్పాలి.

ఎక్స్‌టీలో మూడున్నర అంగుళాల డ్రైవు పెట్టుకోవాలంటే డాస్‌కు కూడా చెప్పాలి. 720 కేబీ డ్రైవు సెకనుకు 250 కిలోబిట్ల వేగంతోనే నడుస్తుంది గనుక పాత కంట్రోలర్ దాన్ని మోయగలదు. డాస్ 3.2 నుంచి కాన్ఫిగ్.సిస్ ఫైలులో డ్రైవ్‌పార్మ్ వరుస రాసి, డి దగ్గర 1, ఎఫ్ దగ్గర 2 అని పెడితే బి డ్రైవు 720 కేబీది అని అర్థం చేసుకుంటుంది. 1.44 ఎంబీకి అలా కుదరదు. దానికి రెట్టింపు వేగం, 500 కిలోబిట్లు, కావాలి. సొంత బయాస్ ఉన్న కొత్త కంట్రోలర్ కార్డు వేయాల్సిందే.

1.2 ఎంబీ డ్రైవు చాలామందిని ముంచింది. అది 360 కేబీ ఫ్లాపీని చదువుతుంది, రాస్తుంది కూడా. చిక్కు రాయడంలోనే ఉంది. దాని హెడ్డు వెడల్పు 360 కేబీ హెడ్డులో సుమారు సగం. వెడల్పు బ్రష్షుతో వేసిన సున్నపు పట్టీ మీద సన్న బ్రష్షుతో రంగు వేసినట్టు, కొత్త రాత మధ్యలో పడి అంచుల్లో పాత రాత మిగిలిపోతుంది. తిరిగి ఆ ఫ్లాపీని 360 కేబీ డ్రైవులో పెడితే వెడల్పు హెడ్డు కొత్తదాన్నీ పాతదాన్నీ కలిపి వింటుంది. రాసిన చోట బాగానే చదివింది, తీసుకెళ్లిన చోట చదవలేదు అనే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇదే. ఆఫీసుల మధ్య ఫ్లాపీలు తిరిగే రోజుల్లో అనుభవమున్న సర్వీసు మనుషులు 360 కేబీ ఫ్లాపీ మీద 360 కేబీ డ్రైవుతోనే రాయాలని పట్టుబట్టేవారు.

అంతకంటే ప్రమాదకరమైంది 34వ తీగ. ఏటీ నుంచి అది ‘ఫ్లాపీ మారింది’ అని చెప్పే తీగ అయింది. కొన్ని డ్రైవుల్లో జంపర్ మారిస్తే అదే పిన్ను ‘నేను సిద్ధం’ అనే వేరే సంకేతం ఇస్తుంది. ఆ జంపర్ తప్పుగా ఉంటే ఫ్లాపీ మార్చినా డాస్‌కు తెలియదు. డిర్ కొడితే తీసేసిన ఫ్లాపీ జాబితానే మళ్లీ కనిపిస్తుంది. చూసి నవ్వుకునేలోపు ఒక ఫైలు కాపీ చేస్తే, జ్ఞాపకంలో ఉన్న పాత ఫ్లాపీ పట్టికను కొత్త ఫ్లాపీ మీద రాసేస్తుంది. దాంతో అందులోని ఫైళ్ల అడ్రసులన్నీ పోతాయి. పాత డ్రైవు ఏది బిగించినా ముందు రెండు పనికిరాని ఫ్లాపీలు మార్చి మార్చి డిర్ కొట్టి చూడాలి.

తొలినాటి బెల్టు డ్రైవుల్లో వేగాన్ని కూడా చేతితోనే సరిచేసేవారు. టాండన్ టీఎం100 లాంటి డ్రైవును బోర్లా తిప్పితే చక్రం మీద నల్ల గీతల వలయాలు రెండు కనిపిస్తాయి. ఒకటి 60 హెర్ట్జ్ కరెంటు దేశాలకు, ఇంకొకటి మనలాంటి 50 హెర్ట్జ్ దేశాలకు. ట్యూబ్‌లైటు వెలుగులో డ్రైవు తిప్పి మన వలయం వంక చూస్తూ బోర్డు మీది చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పాలి. గీతలు ముందుకు పాకితే వేగం ఎక్కువ, వెనక్కి పాకితే తక్కువ, ఉన్నచోటే నిలబడితే నిమిషానికి సరిగ్గా 300 చుట్లు. చోకున్న పాత ట్యూబ్‌లైటే కావాలి. ఎల్‌ఈడీ దీపాల కింద ఇది చాలాసార్లు కుదరదు.

సోనీ 2011లో ఫ్లాపీల తయారీ ఆపేసింది. అయినా ఈ విద్య అవసరం తీరలేదు. తొంభైల్లో మన ఊళ్లలో డీటీపీ సెంటర్లలో కంపోజైన పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు ఎన్నో ఫ్లాపీల్లోనే ప్రెస్సుకు వెళ్లాయి. అచ్చుప్రతి దొరకని తెలుగు పుస్తకానికి ఎక్కడో బీరువాలో ఉన్న ఫ్లాపీయే చివరి ఆధారం కావచ్చు. చదివించాక కూడా యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్ల చిక్కు ఉంటుంది. అనూ ఫాంట్లలో కొట్టిన ఫైలును అదే ఫాంటుతో తెరవాలి, లేదా మార్పిడి చేయాలి. కానీ అది రెండో మెట్టు. ముందు బిట్లు బయటికి రావాలి.

మార్కెట్లో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు మూడున్నర అంగుళాల మామూలు ఫ్లాపీలకు సరిపోతుంది. ఐదుంపావు అంగుళాల వాటికి పాత డ్రైవే కావాలి. దాన్ని ఈనాటి కంప్యూటర్‌కు కలపడానికి గ్రీస్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది. అది ఫైళ్ల జోలికి పోకుండా అయస్కాంత మార్పులను ఉన్నవున్నట్టు పట్టి ఇమేజ్‌గా దాస్తుంది. ఇంత కొత్త పరికరం కూడా మొదట అడిగేది పాత ప్రశ్నే: మెలిక ఉన్న పీసీ కేబులా, తిన్నటి షుగార్ట్ కేబులా?

చదివే ముందు ఫ్లాపీని రాతకు మూసేయాలి. ఇక్కడ రెండు సైజుల పద్ధతీ తలకిందులు. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీకి పక్కనున్న గంటును స్టిక్కరుతో మూయాలి, మూడున్నర అంగుళాల ఫ్లాపీకి చిన్న కిటికీని తెరవాలి. మన వానాకాలపు తేమకు ఫ్లాపీ మీద తెల్లటి బూజు పట్టి ఉంటే నేరుగా డ్రైవులో పెట్టొద్దు. ఆ బూజు హెడ్డుకు అంటుకుని తర్వాతి ఫ్లాపీని గీసేస్తుంది. ఒక్కో ఫ్లాపీ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో, దూదిపోగులు అంటకుండా, హెడ్డు తుడవాలి.

పాత సామాను అమ్మేసేటప్పుడు ఫ్లాపీలు దాచుకుని డ్రైవులను కాటాకు వేయడం మామూలైపోయింది. అలా చేయకండి. ఏళ్ల తరబడి వాడిన డ్రైవులో హెడ్డు తన చోటు నుంచి కొంచెం పక్కకు జరిగి ఉండొచ్చు. అది రాసిన ఫ్లాపీలను సరిగ్గా అమరిన మంచి డ్రైవు చదవలేకపోయినా, రాసిన డ్రైవు చదవగలదు. డ్రైవును, దాని కేబుల్‌ను కలిపి దాచండి. విప్పే ముందు జంపర్లు ఏ పిన్నుల మీద ఉన్నాయో, టెర్మినేటర్ ఎక్కడుందో ఫొటో తీసి, ప్రింటు వేసి డ్రైవుకే అంటించండి.