బందీల లెక్క ఎవరు రాయాలి?

పెద్దవంగర నుంచి పాలకుర్తి, విసునూరు, కడవెండి వైపు పోతే ఊరూరికీ ఒక జుల్మ్ కథ వుంది. ఆ కథల్ని తెలుగు సాహిత్యం బాగానే రాసింది, కాదనం. విసునూరు గడీ, ఐలమ్మ భూమి, 1946 జులై 4న కడవెండిలో కూలిన దొడ్డి కొమరయ్య - ఇవన్నీ నవలలై, పాటలై జనం నోళ్లల్లో వున్నాయి. మా ప్రశ్న ఒక్కటే: 1948 సెప్టెంబర్ 17 దాటగానే ఆ రాతల్లోంచి మేం ఎందుకు మాయమవుతాం?

రజాకార్ల దుర్మార్గాన్ని మేం దాచం. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి జనాన్ని ఊచకోత కోశారు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని చంపారు. ఆయనా ముసల్మానే. 1940లో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో హతుడైన షేక్ బందగీ ముసల్మాన్ రైతు. దొర హిందువు. అలాంటి దొరలకే తర్వాత రజాకార్లు అండయ్యారు. జుల్మ్‌కి మతం లేదనడానికి ఇంకేం సాక్ష్యం కావాలి?

సెప్టెంబర్ 13న సైన్యం దిగింది. అయిదు రోజుల యుద్ధానికి ‘పోలీస్ యాక్షన్’ అని పేరు పెట్టారు. యుద్ధమంటే శవాలకూ ఖైదీలకూ లెక్క చెప్పాలి. పోలీస్ యాక్షన్‌కి ఆ బాధ లేదు. నెహ్రూ ప్రభుత్వం పంపగా ఊళ్లు తిరిగిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయని చెప్పింది. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు తొక్కిపెట్టారు.

సైన్యం తర్వాత కమ్యూనిస్టుల మీద పడింది. 4 వేల మంది హతమయ్యారని, 10 వేల మందికి పైగా నిర్బంధంలో మగ్గారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. నిజాం జైలు చూసిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు రాశారు. రాజకీయ ఖైదీకి సాహిత్యం వుంది. రజాకారన్న అనుమానం మీద జైలుకెళ్లిన మామూలు ముసల్మాన్‌కి ఏ కథ వుంది? నెల్లూరి కేశవస్వామి లాంటి ఒకరిద్దరు తప్ప మా ఇళ్లలోకి తొంగిచూసిందెవరు?

పాత లెక్కలు మాత్రం మమ్మల్నే అడుగుతారు. 1323లో ఓరుగల్లు పడింది, ప్రతాపరుద్రుడు బందీ అయి ఢిల్లీ దారిలోనే పోయాడు. నిజమే. అదే ఓరుగల్లు కొలువు నుంచి ఢిల్లీకి పోయి ముసల్మానైన తెలుగువాడు మాలిక్ మక్బూల్ ఫిరోజ్ షా తుగ్లక్‌కి వజీరయ్యాడు. ఆ గెలుపు ఎవరిది, ఆ ఓటమి ఎవరిది? ఏడువందల ఏళ్ల కిందటి సుల్తాను చేసిన పనికి ఈనాటి దూదేకులాయన జవాబు చెప్పాలా?

మేం జాలి అడగడం లేదు. ఒకే తూకం అడుగుతున్నాం. బైరాన్‌పల్లికి ఏడ్చిన కలం బీదర్‌కీ ఏడవాలి. బీదర్‌ని తల్చుకునే మా కలాలు బైరాన్‌పల్లినీ తల్చుకోవాలి. ఒక కన్నుతో ఏడ్చే సాహిత్యాన్ని ప్రజాసాహిత్యమని మేం ఒప్పుకోం.