మెకాయ్ వైద్యుఁడు: ద్యోతకుఁడా, వాచకుఁడా?

అమెరికాలో 1966 మొదలు 1969 వఱకుఁ బ్రసారమైన ‘స్టార్ ట్రెక్’ అను శాస్త్రకల్పిత ధారావాహికయందలి నౌకావైద్యుఁడు మెకాయ్, నాయకుఁడగు కిర్క్‌నకును, తార్కికుఁడగు స్పాక్‌నకును ఉపసర్గవంటివాఁడని తోఁచును. ఉపసర్గములు ద్యోతకములే కాని వాచకములు గావని వైయాకరణుల మతము. (ఆ వేషధారి కెల్లీ పేరును రెండవ సంవత్సరమునఁ గాని యారంభ నామావళి కెక్కలేదు.) స్పాక్‌తోడి వాక్కలహములందు నీ మాట చెల్లును, అవి పునరుక్తిదుష్టములు గూడ. 1967 నాఁటి ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ కథయం దట్లు గాదు. ఈడిత్ కీలర్ బ్రతికినచోఁ జరిత్రము తాఱుమాఱగునని యామెను వలచిన కిర్క్ ఎఱుఁగును, వైద్యుఁ డెఱుఁగఁడు. మోటారుబండి మీఁదికి వచ్చుచుండ నామెను గాపాడఁ బరుగిడిన వైద్యుని నాయకుఁడు పట్టి యాపెను; ఆమె మృతినొందెను. చేసిన దేమో తెలియునా యని వైద్యుఁ డధిక్షేపించును. తెలియునని బదులు పల్కినవాఁడు స్పాక్. ఇచట మెకాయ్ వాచకుఁడే. ఆ నింద న్యాయ్యము గాదు. అయినను నది లేనిచో నాయకుని చేఁత కేవల ధర్మనిర్ణయమై, మృతురాలు లెక్కకు రాక పోయెడిది.