చుట్లు ఎన్నో పాటను అడగండి

మైక్ ప్రీయాంప్ కట్టుకోవాలనే కుర్రాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: "మాస్టారూ, ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఏది మంచిది?" ఏం రికార్డు చేస్తావో చెప్పమంటాను. మా విజయనగరంలో దానికి రెండు జవాబులున్నాయి.

మొదటిది వయొలిన్. 1919లో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు నేర్పిన వాద్యమది. కమాను మెత్తగా నడిచినప్పుడు డైనమిక్ మైక్ నుంచి వచ్చేది మిల్లీవోల్టులో చిన్న భాగమే. ఇక్కడ నాకు చుట్ల నిష్పత్తి 1:10 ఉన్న ట్రాన్స్‌ఫార్మరే నచ్చుతుంది. వోల్టేజీ పది రెట్లవుతుంది. ఇంపెడెన్స్ వంద రెట్లవుతుంది కాబట్టి మైక్‌లోని 150 ఓములు అవతలివైపు 15,000గా కనిపిస్తాయి. ఎన్‌ఈ5534 లాంటి ఆప్-యాంప్ తన రొదను తక్కువగా కలిపేది ఆ దరిదాపుల్లోనే. నేరుగా 150 ఓములకు తగిలిస్తే మైక్ రొద కన్నా దాని రొదే ఎక్కువ.

రెండోది మా జానపద వాద్యాలు: జముకు, తప్పెటగుళ్లు. గుండెల మీద మోగే తప్పెటకు దగ్గరగా కండెన్సర్ మైక్ పెడితే వోల్టు దాకా రావచ్చు. దాన్ని పదింతలు చేస్తే 15 వోల్టుల సప్లై మీద నడిచే ఆప్-యాంప్ చేతులెత్తేస్తుంది. పైగా వోల్టేజీ అదే ఉండి ఫ్రీక్వెన్సీ సగమైతే కోర్‌లో అయస్కాంత ప్రవాహం రెట్టింపవుతుంది. చిన్న కోరైతే మంద్ర ధ్వనికి నిండిపోయి నాదం చెడుతుంది. అక్కడ పెద్ద కోరున్న 1:2 కావాలి. దెబ్బ గట్టిది కనుక ఆప్-యాంప్ రొద అడ్డు రాదు.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే మంచి ప్రీయాంప్‌లు వస్తున్నాయి, నిజమే. కానీ మన రికార్డింగులు గుడి ముంగిట్లో, సీరియల్ లైట్ల వైర్ల పక్కనే పొడుగాటి కేబుల్ పరిచి జరుగుతాయి. కేబుల్‌లోని రెండు తీగల్లోనూ ఒకేలా దూరిన హమ్‌ను ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మైక్ వైపు చుట్టు) లోపలికి రానివ్వదు. గాల్లోంచి నేరుగా వచ్చే అయస్కాంత హమ్‌కు మ్యూమెటల్ డబ్బా అడ్డుపడుతుంది. డబ్బా లేనిది చవకగా దొరికినా కొనకండి. కొన్నాక చుట్టు తెగిందేమోనని మల్టీమీటర్ పెట్టకండి. దాని డీసీ కరెంటుకు కోర్ అయస్కాంతమైపోతుంది.

కచేరీ వయొలిన్‌కు ఇచ్చే శ్రద్ధే జముకుల కథకూ దక్కాలి. అందుకే పెట్టెలో రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ బిగించి, మధ్యన స్విచ్ పెట్టమంటాను. ఖర్చు పెరుగుతుంది. పెరగనివ్వండి.