గురుణ్ణి చూడాలంటే ఆరంగుళాల అద్దం

ప్రాణహిత నదికి పుష్కరం ఎప్పుడో చెప్పేది గురుగ్రహం. గురుడు మీనరాశిలోకి వచ్చాడని 2022 ఏప్రిల్ 13న ఈ ఒడ్డున గడ్చిరోలి జిల్లా సిరొంచలోనూ, గోదావరి సంగమం దగ్గర కాళేశ్వరంలోనూ పుష్కర స్నానాలు మొదలయ్యాయి. మిథునంలోకి వచ్చాడని 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరం చేశారు. సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి గురుడికి పట్టేది సుమారు 11.86 ఏళ్లు. రాశికి ఏడాది అన్న లెక్క అక్కడి నుంచి వచ్చిందే. 2022 స్నానాలప్పుడు తెల్లవారకముందే తూర్పున, శుక్రుడికి కాస్త కిందుగా గురుడు మెరుస్తూనే ఉన్నాడు. నీళ్లలో మునిగి లేచినవాళ్లలో ఎందరు అటు చూశారో! గ్రహం పేరు చెప్పి ఇంత పండుగ చేసుకునే చోట ఆ గ్రహాన్ని కళ్లారా చూపే సాధనం బడికొకటైనా ఉండాలి. కొత్తగా చూడటం మొదలుపెట్టేవాళ్లకు ఆ సాధనం ఆరంగుళాల అద్దంతో, డాబ్సన్ పీఠం మీద నిలిచే టెలిస్కోపే అని నా వాదన.

ఈ టెలిస్కోప్ ప్రాణమంతా గొట్టం అడుగున ఉండే పుటాకార దర్పణంలో ఉంది. 150 మిల్లీమీటర్ల వెడల్పు, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల అద్దానికి నడిమధ్య లోతు ఎంతనుకున్నారు? సుమారు 1.2 మిల్లీమీటర్లు! తెలిసినవాళ్లు ఆ కాస్త గుంటను ఉత్త చేతులతో తీస్తారు. రెండు గాజు బిళ్లల నడుమ కార్బోరండం పొడి, నీళ్లు వేసి, పై బిళ్లను ముందుకూ వెనక్కూ తోస్తూ, కొద్దికొద్దిగా తిప్పుతూ, తామూ దాని చుట్టూ అడుగులేస్తూ అరగదీస్తారు. పైదాని నడుమ అరిగి గుంట పడుతుంది, కిందిదాని అంచులు అరిగి మధ్య ఉబ్బుతుంది. పొడిని అంతకంతకూ సన్నం చేసుకుంటూ పోయి, చివరికి తారులాంటి పిచ్ పూత మీద సీరియం ఆక్సైడ్‌తో మెరుగుపెడతారు. అసలు పనితనం ఆ తర్వాత బయటపడుతుంది. 1858లో శాస్త్రవేత్త ఫూకో చెప్పిన పరీక్షకు కావలసింది సూదిమొనంత వెలుగు, ఒక బ్లేడు. తిరిగివచ్చే వెలుగును బ్లేడు అంచుతో కోస్తుంటే అద్దం మీద నీడలు లేస్తాయి. వెంట్రుక మందంలో వెయ్యో వంతు ఎగుడుదిగుడు కూడా ఆ నీడల్లో దొరికిపోతుంది. బొటనవేలిని కాసేపు అద్దానికి ఆనించి తీస్తే, ఆ వేడికి గాజు ఉబ్బిన చోట చిన్న గుట్ట లేచినట్టు కనిపిస్తుంది. అది చల్లారి అణిగేదాకా ఆగి మళ్లీ చూస్తారు. ఇంత ఓపిక వేరే ఏ విద్యలో ఉందో చెప్పండి!

ఈ విద్యలో పెద్దల సంగతి ఎంత చెప్పినా తనివి తీరదు. సంగీతంతో పొట్టపోసుకునే విలియం హెర్షెల్ తానే అరగదీసుకున్న 6.2 అంగుళాల అద్దంతో 1781 మార్చి 13న యురేనస్‌ను పట్టాడు. ఒకసారి మెరుగు చెడకూడదని పదహారు గంటలు అద్దం మీంచి చేతులు తీయలేదట, చెల్లెలు కరోలిన్ నోటికి అన్నం అందించిందట. డాబ్సన్ పీఠానికి పేరిచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు సన్యాసి. ఓడ కిటికీల పాత గాజుతో అద్దాలు, అట్ట గొట్టాలతో ఒళ్లు, ప్లైవుడ్‌తో పీఠం చేశాడు. ఈ పనిలో పడి ఆశ్రమానికి దూరమయ్యాడు. 1967లో బయటపడ్డాక వీధుల్లో నిలబడి దారినపోయే వాళ్లందరికీ ఆకాశం చూపించాడు, పీఠానికి పేటెంటు తీసుకోలేదు. మన దగ్గర విశాఖపట్నం ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లో పెట్టిన వేధశాలలో ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని చూశారు. నరసింగరావుది కటకం టెలిస్కోపే, అయినా ఆయన మీద గౌరవం తగ్గదు.

ఇలాంటి విద్యను ఇప్పుడు అట్టపెట్టె మీద బొమ్మ మింగేస్తోంది. పెట్టె మీద రంగురంగుల శని, పక్కన "675 రెట్లు" అని పెద్ద అక్షరాలు. లోపల అరవై మిల్లీమీటర్ల కటకం, ఊగే ముక్కాలి పీట, ప్లాస్టిక్ ఐపీసులు. మిల్లీమీటరు వెడల్పుకు రెండు రెట్లు, అంతకుమించి పెంచితే చీకటీ మసకే మిగులుతాయి. అరవైకి 120 రెట్లే గరిష్ఠం, మిగతా 555 ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఇది పచ్చి మోసం. మొదటి రాత్రే గ్రహం మసకముద్దగా కనబడితే పిల్లవాడు ఆకాశం ఇంతేననుకుంటాడు, టెలిస్కోప్ అటకెక్కుతుంది. పొట్టి గొట్టం, చవక గోళాకార అద్దం, మధ్యలో దిద్దుబాటు కటకం పెట్టి అమ్మేవి మరో రకం. వాటి జోలికీ పోకండి.

కటకం టెలిస్కోప్‌కు అద్దాల వరస సరిచేసే బాధ లేదుకదా అంటారు. నిజమే, కానీ ఆ సవరింపు నేర్చుకుంటే అయిదు నిమిషాల పని. అదే ఖర్చుకు వచ్చే చవక కటకం అంగుళాల్లో సగానికి పడిపోతుంది, గురుడి అంచుకు ఊదారంగు పూస్తుంది. కంప్యూటరే గ్రహాన్ని వెతికిపెట్టే టెలిస్కోప్ కావాలనేవాళ్లూ ఉన్నారు. గురుడు, శని, కుజుడు, శుక్రుడు కంటికే కనిపిస్తుంటే వెతికిపెట్టడానికి యంత్రం దేనికి? ఆ డబ్బు అద్దానికి పెట్టండి. ఇక గడ్చిరోలి అడవుల చీకటే మన బలమని మురిసేవాళ్లకు ఒక మాట. గ్రహాలకు చీకటితో అంత పనిలేదు, హైదరాబాద్ నడిబొడ్డునా శని వలయాలు కనిపిస్తాయి. సిరొంచ అసలు బలం అక్షాంశం. ఉత్తరాన సుమారు 19 డిగ్రీల దగ్గర ఉన్నాం కాబట్టి దక్షిణానికి ఎంత ఒరిగినా గురుడు, శని నడిమింటికి వచ్చేసరికి సగం ఆకాశం కంటే పైనే ఉంటారు. లండన్‌లో అవే గ్రహాలు ఒక్కోసారి 15 డిగ్రీలకు మించి లేవవు, దట్టమైన గాలిలోంచి వణుకుతూ కనిపిస్తాయి.

ఆ బలాన్ని పోగొట్టుకునేది ఎక్కువగా మనమే. పగలంతా కాగిన స్లాబు మీద పెడితే రాత్రి దాకా లేచే వేడికి బొమ్మ ఉడుకుతున్నట్టు కదులుతుంది. మట్టి వాకిట్లో, గడ్డి మీద పెట్టండి, అద్దం చల్లారేలా అరగంట ముందే బయటికి తీయండి. 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 48 రెట్లు వస్తాయి, శని వలయం విడిగా కనిపించడానికి అది చాలు. 10 మిల్లీమీటర్లతో 120 రెట్లు, గాలి నిలకడగా ఉన్న రాత్రి గురుడి పట్టీలు, నలుగురు చంద్రులు తేటగా నిలుస్తాయి.

గోదావరి పుష్కరం 2027లో, వానాకాలంలో. అప్పుడు మబ్బులు గురుణ్ణి చూడనివ్వవు. కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చి రాత్రంతా ఆకాశంలో ఉంటాడు. పుష్కరానికి పెట్టే ఖర్చులో కాస్త తీసి, సిరొంచ తాలూకాలోని తెలుగు, మరాఠీ బడుల్లో ఒక్కదానికైనా ఆలోపు ఆరంగుళాల అద్దం అందేలా పెద్దలు చూడాలి.